ఆకు వాలు, గింజ బరువు: మొక్కల స్టెరాయిడ్ జన్యువులు

పత్తికీ, ద్రాక్షకీ, వరికీ కొట్టమని ఎరువుల దుకాణంలో ఇచ్చే మందుల్లో హోమోబ్రాసినోలైడ్ ఒకటి. డబ్బా మీద 0.04 శాతం అని రాసి ఉంటుంది. అంటే లీటరు మందులో అసలు పదార్థం అర గ్రాము కూడా లేదన్నమాట. దాన్ని మళ్లీ నీళ్లలో కలిపి పంపుతో కొడతారు. అంత పలచగా పనిచేసేది ఎరువు కాలేదు. మొక్క తన కణాల్లో తానే తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్ల కుటుంబానికి చెందిన పదార్థం అది. వాటిని బ్రాసినోస్టెరాయిడ్లు అంటారు. కాడ సాగడం, ఆకు వంగడం, పుప్పొడి పండటం, గింజ నిండటం, చీకట్లో మొలక పైకి ఎగబాకడం అన్నిట్లోనూ వీటి పాత్ర ఉంది.

రైతు పైనుంచి చల్లుతున్నదాన్ని మొక్క లోపల ఏ జన్యువులు తయారుచేస్తున్నాయన్నదే ఈ వ్యాసం విషయం. గత ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరికింది. దానికి సంబంధించిన పని హైదరాబాద్‌లో మూడు దిక్కులా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ హార్మోన్లను పైరు మీద చల్లి చూశారు. హైటెక్ సిటీని ఆనుకుని ఉన్న గచ్చిబౌలిలో, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో టమాటా జన్యువులను ఒక్కొక్కటిగా మార్చి చూసే ఏర్పాటు ఉంది. రాజేంద్రనగర్‌లో మరో హార్మోన్‌కు సంబంధించిన ఒక జన్యువును సవరించిన వరి ఇప్పటికే పేరుపెట్టుకుని బయటికొచ్చింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకు ఒకటి తేటగా కనిపించింది. ఇన్నాళ్లూ మనం హార్మోన్ ఎంత ఉండాలని అడుగుతూ వచ్చాం. కానీ పంటకు లాభం చేసిన జన్యు ప్రయోగాలు చాలావరకు ఏ కణజాలంలో, ఏ దశలో, జన్యువుకున్న ఏ ప్రతి పనిచేయాలన్న ప్రశ్నకు జవాబుగా వచ్చాయి.

మొదటి ఆధారం పుప్పొడిలో దొరికింది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బెల్ట్స్‌విల్ కేంద్రంలో జె. డబ్ల్యు. మిచెల్ బృందం మొక్కల పుప్పొడి నుంచి సారం తీసి చిక్కుడు మొలకల మీద పూసి చూసేది. ఆవ జాతికి చెందిన రేప్ మొక్క పుప్పొడి సారం తగిలితే చిక్కుడు కాడ విపరీతంగా సాగింది, లావెక్కింది. 1970లో ఆ సంగతి నేచర్ పత్రికలో వచ్చింది. అసలు అణువు ఏమిటో తేల్చడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. తేనెటీగలు మోసుకొచ్చిన సుమారు 227 కిలోల పుప్పొడిని వడగట్టి, వేరుచేసి, శుద్ధి చేస్తే చివరికి చేతికొచ్చింది 4 మిల్లీగ్రాములు. ఆ స్ఫటికం మీదికి ఎక్స్ కిరణాలు పంపి 1979లో దాని నిర్మాణం ప్రకటించారు. అదే బ్రాసినోలైడ్. 1970 వ్యాసంలోనూ 1979 వ్యాసంలోనూ రచయితల వరుసలో మండవ అనే పేరుంది. మన పల్లెల్లో వినిపించే ఇంటిపేరు అది. 1988లో ఈ హార్మోన్ల మీద వార్షిక సమీక్షా సంపుటికి విస్తృత వ్యాసం రాసింది కూడా ఈ ఎన్. భూషణ్ మండవే.

నిర్మాణం తెలిసినా వీటిని హార్మోన్లుగా ఒప్పుకోవడానికి వృక్షశాస్త్రవేత్తలు చాలాకాలం తటపటాయించారు. ఆక్సిన్లు, జిబ్బరెల్లిన్లు, సైటోకైనిన్లు, అబ్సిసిక్ ఆమ్లం, ఇథిలీన్: తరతరాల విద్యార్థులు వల్లెవేసినవి ఈ అయిదే. ఆరో దానికి చోటివ్వాలంటే, అది లేకపోతే మొక్క బతుకు ఏమవుతుందో ఎవరైనా చూపించాలి. పైనుంచి పూస్తే పెరుగుతుందన్న మాట దానికి చాలదు. ఆ రుజువు జన్యువుల నుంచే వచ్చింది.

అమెరికాలోని సాల్క్ సంస్థలో జోఆన్ కోరీ బృందం వెతుకుతున్నది స్టెరాయిడ్ల కోసం కానే కాదు. మొక్క వెలుగును ఎలా గుర్తుపడుతుందో తెలుసుకోవడానికి ఆవ కుటుంబానికే చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద పనిచేస్తున్నారు. చీకట్లో మొలిచిన విత్తనం సన్నగా, పాలిపోయి, పొడుగ్గా సాగుతుంది. అందుకు భిన్నంగా చీకట్లో కూడా ఎండలో ఉన్నట్టే పొట్టిగా, ఆకులు విప్పుకుని పెరిగే మొలకలు కొన్ని వాళ్లకు దొరికాయి. 1991లో వాటిలో ఒకదానికి డెట్2 అని పేరుపెట్టారు. 1996లో ఆ జన్యువును విడదీసి చదివినప్పుడు అది మనుషుల్లో ఉండే 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను పోలి ఉందని తేలింది. మన శరీరంలో టెస్టోస్టిరాన్‌ను మరింత చురుకైన రూపానికి మార్చేది ఆ ఎంజైమే. మగవారిలో జుట్టు రాలడానికి డాక్టర్లు రాసే ఫినాస్టెరైడ్ మాత్ర అడ్డుకునేదీ దాన్నే. పొట్టి మొలకకు బ్రాసినోలైడ్ అందిస్తే అది తిరిగి మామూలుగా పెరిగింది. 1997లో ఇంకో అడుగు వేశారు. మానవ జన్యువును తెచ్చి డెట్2 లోపించిన మొక్కలో పెట్టారు. మొక్క కోలుకుంది. మొక్కలూ జంతువులూ విడిపోయి నూరు కోట్ల ఏళ్లు దాటినా, స్టెరాయిడ్ వలయంలో ఒక జంట బంధాన్ని ఒంటి బంధంగా మార్చే పని రెండు చోట్లా ఒకే పనితనంతో నడుస్తోందని ఆ ప్రయోగం చూపించింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించే ప్రయోగం ఇదే.

అదే 1996లో జర్మనీలోని కొలోన్ నుంచి సీపీడీ అనే రెండో జన్యువు వార్త వచ్చింది. అది లేని అరబిడాప్సిస్ కూడా మరుగుజ్జే. ఇంగ్లండ్‌లో టమాటాలో డ్వార్ఫ్ అనే జన్యువును పట్టుకున్నదీ ఆ ఏడే. ఇక సందేహానికి తావు లేకపోయింది. స్టెరాయిడ్ తయారీ ఆగిపోతే మొక్క ముడుచుకుపోతుంది, ఆకులు ముదురాకుపచ్చగా గిడసబారుతాయి, చాలాసార్లు పుప్పొడి పనికిరాకుండా పోతుంది.

తయారీ దారి మొదలయ్యేది కాంపెస్టెరాల్ దగ్గర. మన వంటింటి తవుడు నూనెలో, పొద్దుతిరుగుడు నూనెలో ఉండే మొక్కల స్టెరాల్స్‌లో అదొకటి. కణపొరల నిర్మాణానికి మొక్క దాన్ని ఎలాగూ తయారుచేసుకుంటుంది. అందులోంచి కొద్ది భాగాన్ని హార్మోన్ వైపు మళ్లిస్తుంది. అక్కడి నుంచి డెట్2 ఒక జంట బంధాన్ని ఒంటి బంధంగా మారుస్తుంది. డ్వార్ఫ్4 అనే జన్యువు ఇచ్చే ఎంజైమ్ 22వ కర్బనం దగ్గర ఒక హైడ్రాక్సిల్‌ను తగిలిస్తుంది. ఆ తర్వాత 23వ కర్బనం దగ్గర, 3వ కర్బనం దగ్గర, 6వ కర్బనం దగ్గర మార్పులు జరిగి కాస్టాస్టెరోన్, దాని నుంచి బ్రాసినోలైడ్ వస్తాయి. ఈ పనిలో చాలా భాగం సైటోక్రోమ్ పీ450 అనే పెద్ద ఎంజైమ్ కుటుంబానిది. మన కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములూ ఆ కుటుంబానివే.

పుస్తకాల్లో ఈ దారిని సూటిగా ఒక గీతలా గీస్తారు. నిజానికి అది అనేక పాయల వల. 22వ కర్బనం పని డెట్2 పనికంటే ముందే జరిగే పాయ కూడా ఉంది. సీపీడీ సంగతి చూడండి. 1996 నుంచి పదేళ్లపాటు అది 23వ కర్బనం దగ్గర పనిచేస్తుందని అందరూ రాశారు. 2006లో జపాన్ పరిశోధకులు ఆ పని చేసేవి వేరే రెండు జన్యువులని చూపారు. 2012లో సీపీడీ అసలు పని 3వ కర్బనం దగ్గర అని తేల్చారు. జన్యువు పోతే మొక్క పొట్టిదవడం ఒక ఎత్తు, ఆ జన్యువు ఇచ్చే ఎంజైమ్ ఏ అణువు మీద ఏం చేస్తుందో నిరూపించడం ఇంకో ఎత్తు. మొదటిది చూసి రెండోది ఊహించిన పత్రాలు ఈ రంగంలో తక్కువేమీ కావు. ఇవాళ ఒక పంట జన్యుపటంలో పోలిక చూసి ఇది ఫలానా జన్యువు అని చీటీ అంటించేవారు సీపీడీని గుర్తుంచుకోవాలి.

ఈ మొత్తం దారిలో ఇరుకైన ద్వారం డ్వార్ఫ్4. దాని ఎంజైమ్ ఎంత ఉంటే తయారీ అంత వేగంగా సాగుతుంది. అందుకే మొక్క దాని మీద గట్టి అదుపు పెట్టుకుంది. బ్రాసినోలైడ్ కణం బయటి పొర మీద బీఆర్ఐ1 అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. జంతువుల స్టెరాయిడ్లు ప్రధానంగా కణం లోపలి గ్రాహకాలను పట్టుకుంటే, మొక్కల స్టెరాయిడ్ తలుపు బయటే నిలబడి కబురు పంపుతుంది. ఆ కబురు లోపలికి వెళ్లి బిన్2 అనే ఎంజైమ్ నోరు నొక్కుతుంది. బీజెడ్ఆర్1 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి చేరుతుంది. అక్కడ అది చేసే పనుల్లో ఒకటి డ్వార్ఫ్4నూ సీపీడీనీ అణచివేయడం. ఇది 2005లో తేలింది. గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ల మీది నీళ్ల ట్యాంకులో ఫ్లోట్ వాల్వు చేసే పని లాంటిదే ఇది: మట్టం పెరిగిందంటే లోపలికి వచ్చే ధార తనంతట తనే ఆగిపోతుంది. దీనికి తోడు ఎక్కువైన హార్మోన్‌ను నిర్వీర్యం చేయడానికి బాస్1 అనే ఇంకో జన్యువు ఉంది.

ఈ అదుపు గురించి తెలుసుకున్నాకే ఉస్మానియా పనిని సరిగ్గా అంచనా వేయగలం. వృక్షశాస్త్ర విభాగంలో ఎస్. సీతారాం రావు, ఆయన విద్యార్థులు 1990ల నుంచి ఈ హార్మోన్ల మీద పట్టుదలగా పనిచేశారు. 1998లో బి. విద్యావర్ధిని, రావు వేరుశనగ మీద పిచికారీ చేసిన ఫలితాలను ఫైటోకెమిస్ట్రీ పత్రికలో ప్రచురించారు. మొక్క ఎదుగుదల, దిగుబడి పెరిగాయి. 2001లో ఎస్. అనురాధ, రావు ఉప్పు నీటిలో మొలకెత్తలేక నీరసించే వరి గింజలకు ఈ స్టెరాయిడ్లు అందిస్తే మొలక, నారు తేరుకోవడం చూపించారు. 2002లో టమాటా కాయ ముక్కల మీద పూస్తే పచ్చదనం తగ్గి, ఎర్రటి లైకోపీన్ పెరిగి, ఇథిలీన్ ఎక్కువై పండటం త్వరపడింది. నీటి ఎద్దడిలో జొన్న మొలకల మీదా పనిచేశారు. 2002లోనే కరెంట్ సైన్స్‌లో ఈ బృందం రాసిన సమీక్ష, మన దేశంలో ఈ హార్మోన్ల గురించి చదవాలనుకునే విద్యార్థులు ఇప్పటికీ తెరిచే వ్యాసం.

ఈ పనిని పాతదని పక్కనపెట్టేవారితో నేను ఏకీభవించను. వేరుశనగ, జొన్న, వరి, టమాటా మన పొలాల పంటలు. ప్రపంచమంతా అరబిడాప్సిస్ వెనుక పరిగెత్తుతున్న రోజుల్లో వీటిని ఎంచుకోవడమే ఒక నిర్ణయం. అయితే ఈ తరహా ప్రయోగాలు ఒకచోట ఆగిపోతాయి. ఎక్కువ భాగం మొలకల దశలోవి, కుండీల్లోవి, అదుపులో ఉన్న పరిస్థితుల్లోవి. పొలంలో రైతు అనుభవం మాత్రం ఒక ఏడు బాగుందని, మరో ఏడు పైసా ఫలితం లేదని ఉంటుంది. దుకాణదారు మందు నకిలీదంటాడు, లేదా వాన మీదికి నెడతాడు. నకిలీలు ఉన్న మాట నిజమే. కానీ అసలైన మందుకే ఫలితం మారిపోవడానికి కారణం పైన చెప్పిన అదుపులోనే ఉంది. బయటి నుంచి హార్మోన్ వచ్చి పడగానే మొక్క తన సొంత తయారీని తగ్గించుకుంటుంది. 1998లోనే జైదీప్ మాథుర్, కొలోన్ బృందం సీపీడీ జన్యువు బ్రాసినోస్టెరాయిడ్ తగలగానే మందగిస్తుందని చూపించారు. అప్పటికే ఎండకో ఉప్పుకో తట్టుకోలేక సొంత తయారీ కుంటుపడిన మొక్కకు పిచికారీ ఊతమిస్తుంది. ఏ లోటూ లేని మొక్కకు కొడితే వచ్చింది లోపలికి తీసుకుని తన వాటా తగ్గించుకుంటుంది. ఉస్మానియా ఫలితాల్లో ఉప్పు, నీటి ఎద్దడి ప్రయోగాలు అంత స్పష్టంగా రావడానికి కారణం ఇదేనని నా అంచనా. దీన్ని పరీక్షించడం కష్టం కాదు. పిచికారీకి ముందూ తర్వాతా ఆకులో డ్వార్ఫ్4 జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిస్తే తేలుతుంది. ఏ పరిస్థితిలో మందు కొట్టడం దండగో రైతుకు ముందే చెప్పగలిగేది ఆ కొలత.

ఇంకో అడ్డంకి రవాణా. ఈ హార్మోన్ ఆక్సిన్‌లా మొక్కంతా తిరగదు. వేరుకు కావలసింది వేరులోనే తయారవుతుంది, గింజకు కావలసింది గింజ దగ్గరే తయారవుతుంది. కణం నుంచి పక్క కణానికి సన్నటి సందుల గుండా పోతుందని 2023లో, కణం బయటికి తోసే ఏబీసీబీ19 అనే ప్రోటీన్ ఉందని 2024లో తేలింది. ఈ రెండోదాన్ని అంతకుముందు ఆక్సిన్‌ను మోసేదిగా భావించేవారు. ఆకు మీద కొట్టిన మందు గింజ దాకా వెళ్తుందని చెప్పే ప్రకటనలను ఈ వెలుగులో చూడాలి.

వరి పొలానికి సంబంధించి ఇక్కడ చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ప్రొపికొనజోల్ అనే శిలీంధ్రనాశనిని మన రైతులు వరి కంకి దశలో మచ్చ తెగుళ్లకు కొడతారు. శిలీంధ్రంలో స్టెరాల్ తయారుచేసే పీ450 ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది. అదే మందు మొక్కలో బ్రాసినోస్టెరాయిడ్ తయారీని కూడా అడ్డుకుంటుందని 2012లో అరబిడాప్సిస్, మొక్కజొన్నల మీద చూపించారు. ప్రయోగశాలల్లో ఇదే పనికి వాడే ఖరీదైన బ్రాసినజోల్‌కు బదులు దీన్నే వాడుతున్నారు. పొలంలో వాడే మోతాదులో, కంకి దశలో దీని ప్రభావం ఎంతో మన రకాల మీద కొలవడం అవసరం. ఒకే వారంలో ఒకే పైరు మీద ఒకటి హార్మోన్ పెంచేదీ, ఇంకొకటి దాన్ని తగ్గించగలదీ కొట్టే పరిస్థితి ఉంది కాబట్టి ఈ మాట అంటున్నాను.

ఇప్పుడు గచ్చిబౌలికి వద్దాం. 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఆ రాళ్లగుట్టల నేల దక్కినప్పుడు చుట్టూ పల్లెలే. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక వాటి చోట అద్దాల మేడలొచ్చాయి. ఆ క్యాంపస్‌లో రామేశ్వర్ శర్మ, వై. శ్రీలక్ష్మి నడిపిన టమాటా జన్యు వనరుల భాండాగారం ఉంది. ఇథైల్ మీథేన్ సల్ఫొనేట్ అనే రసాయనంలో టమాటా విత్తనాలు నానబెడితే డీఎన్ఏలో అక్కడక్కడా అక్షరాలు మారతాయి. అలా పెంచిన వేల మొక్కల సంతతిని భద్రపరచి, ఫలానా జన్యువులో మార్పున్న మొక్క ఏదో వెతికి తీస్తారు. ఈ పద్ధతిలో బయటి జన్యువు ఏదీ లోపలికి రాదు. జన్యువు పూర్తిగా చచ్చిపోయినవే కాక, సగం పనిచేసేవీ, కొంచెం మందగించినవీ కూడా దొరుకుతాయి. స్టెరాయిడ్ జన్యువుల విషయంలో అసలు విలువ ఈ సగం పనిచేసే మొక్కలదే.

దీనికి ఉదాహరణ మాదాపూర్, కొండాపూర్ బాల్కనీ కుండీల్లో కూడా పెంచుకోగలిగిన మైక్రో-టామ్ అనే టమాటా. 1989లో ఫ్లోరిడాలో అలంకరణ మొక్కగా విడుదలైంది. జానెడు ఎత్తులో కాయలు కాస్తుంది. ఆ పొట్టితనానికి కారణాల్లో ముఖ్యమైనది డ్వార్ఫ్ జన్యువులో ఒకే అక్షరం మార్పు. దానివల్ల జన్యు సందేశాన్ని కత్తిరించి అతికించే చోట తప్పు జరుగుతుంది. స్టెరాయిడ్ తగ్గుతుంది. డ్వార్ఫ్ పూర్తిగా పోయిన టమాటాలు మాత్రం చూడటానికే జాలిగొలిపే ముద్దల్లా ఉంటాయి, కాయడం కష్టం. టమాటా కాయలో డ్వార్ఫ్‌కు తోడు ఇంకో ప్రతి ఉంది. బ్రాసినోలైడ్ దాకా చివరి అడుగు వేయించేది ఆ రెండోదే. ఆకులో ఒకటి, కాయలో మరొకటి. అంటే మొక్క ఎత్తును తగ్గిస్తూ కాయ పండటాన్ని కదిలించకుండా ఉంచే వీలు టమాటాకు పుట్టుకతోనే ఉంది. ఉస్మానియా 2002 ప్రయోగంలో పండటాన్ని త్వరపెట్టిన హార్మోన్, కాయలో ఏ ప్రతి నుంచి ఎప్పుడు వస్తోందో గచ్చిబౌలి మొక్కల్లో వెతకవచ్చు. రెండు విశ్వవిద్యాలయాలూ ఒకే నగరంలో ఉన్నాయి.

వరిలో ఈ సంగతి మరింత స్పష్టం. 1981లోనే జపాన్ శాస్త్రవేత్తలు గమనించినదేమంటే, వరి ఆకు కాడతో కలిసే కీలు దగ్గర అతి కొద్ది బ్రాసినోలైడ్ పడినా ఆకు బయటికి వాలిపోతుంది. హార్మోన్ తక్కువైతే ఆకు నిటారుగా నిలబడుతుంది. నిటారు ఆకు ఉన్న పైరును దగ్గరగా నాటొచ్చు, కింది ఆకులకూ ఎండ తగులుతుంది. కానీ స్టెరాయిడ్ జన్యువులు దెబ్బతిన్న వరి మొక్కల్లో చాలావాటికి ఆకులు నిలబడినా గింజలు చిన్నబోయాయి. డీ11 అనే జన్యువు దెబ్బతిన్న మొక్కలో గింజ గుండ్రంగా, పొట్టిగా మారింది. 2006లో సకమోటో బృందం దీనికి దారి చూపించింది. వరిలో 22వ కర్బనం పని చేసే జన్యువులు రెండు: ఓఎస్-డ్వార్ఫ్4, డీ11. మొదటిది ఒక్కటే పోతే హార్మోన్ కొద్దిగా తగ్గుతుంది, ఆకు నిలబడుతుంది, గింజ మాత్రం మామూలుగానే ఉంటుంది. గింజ దగ్గర డీ11 పని సాగుతూనే ఉంటుంది కదా. ఆ వరిని దగ్గర దగ్గరగా నాటితే అదనపు ఎరువు లేకుండానే దిగుబడి పెరిగింది. 2008లో మరో బృందం ఎదురు దిక్కు నుంచి వెళ్లింది. 22వ కర్బనం ఎంజైమ్‌ను ఎంపికచేసిన కణజాలాల్లోనే ఎక్కువ చేసి గింజ నిండటాన్ని పెంచింది. గ్రీన్‌హౌస్, పొలం పరీక్షల్లో మొక్కకు 15 నుంచి 44 శాతం ఎక్కువ గింజ వచ్చిందని రాశారు. ఒకరు హార్మోన్ తగ్గించి లాభం చూశారు, ఇంకొకరు పెంచి లాభం చూశారు. ఇద్దరిదీ నిజమే. ఒకరు ఆకు కీలు దగ్గర పనిచేశారు, రెండోవారు గింజకు పిండి చేరే దారిలో పనిచేశారు.

పత్తిలోనూ ఇదే జరిగింది. పత్తి పోగు అంటే విత్తనం పైపొరలోని ఒకే ఒక్క కణం బారుగా సాగడం. 2007లో చైనా పరిశోధకులు డెట్2 జన్యువును విత్తనం పైపొరలో మాత్రమే పెంచినప్పుడు పోగుల సంఖ్య, పొడవు పెరిగాయి. మొక్కంతా పెంచి ఉంటే కొమ్మలు సాగి, మన ఆదిలాబాద్, వరంగల్ చేలల్లో రైతుకు తలనొప్పే మిగిలేది. గోధుమలో 2023లో నేచర్‌లో వచ్చిన పని కూడా ఈ హార్మోన్ కబురు మీదే: హరిత విప్లవం నాటి పొట్టి జన్యువును తీసేసి, ఆ స్థానంలో బ్రాసినోస్టెరాయిడ్ స్పందనను తగ్గించి, మొక్కను పొట్టిగానే ఉంచుతూ గింజను పెద్దది చేశారు. తూర్పు ఆసియా రైతులు తరతరాలుగా సాగుచేసిన ఉజు అనే పొట్టి బార్లీలో మారింది బీఆర్ఐ1 గ్రాహకమేనని 2003లో తేలింది. జొన్నను పొట్టిగా చేసిన డీడబ్ల్యు1 జన్యువుకు కూడా ఈ స్టెరాయిడ్ కబురుతో సంబంధం ఉందని 2017లో చూపించారు. దీనికి భిన్నంగా ఐఆర్8 వరిని పొట్టిగా చేసింది జిబ్బరెల్లిన్ తయారీ జన్యువు. గోదావరి జిల్లాల్లో ఐఆర్8ను నమ్మి పండించి ఆ పేరుతోనే పిలిపించుకున్న ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు కాలానికి ఆ జన్యువు ఏదో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. 2002లో గానీ తెలియలేదు. ఇప్పుడు మనకు జన్యువు ముందే తెలుసు, దాన్ని మోయగల మంచి రకమూ మన దగ్గరే ఉంది.

ఆ రకం సాంబ మసూరి. బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204. సన్న బియ్యం, మంచి రుచి, మార్కెట్లో ధర. లోపాలూ ఉన్నాయి: కాలం ఎక్కువ, తెగుళ్లు ఎక్కువ, ఈదురుగాలికి చేను పడిపోతుంది. సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), రాజేంద్రనగర్ వరి పరిశోధకులు కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను దీనిలోకి సంకరంతో తెచ్చి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఇచ్చారు. నగరంలోని రెండు సంస్థలు చేతులు కలిపితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. 2025 మే 4న రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధన్ 100ను, అంటే కమలను, ప్రకటించారు. సాంబ మసూరిలోనే సైటోకైనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ జన్యువును క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో సవరించారు. హార్మోన్ విరిగిపోవడం తగ్గితే కంకికి గింజలు పెరుగుతాయన్నది 2005లో జపాన్ పరిశోధన చెప్పిన సంగతే. పంట సుమారు 20 రోజుల ముందే కోతకొస్తుందని సంస్థ చెప్పింది. పరీక్షల లెక్కల మీద విమర్శలు వచ్చాయి, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వాటిని తోసిపుచ్చింది. అన్ని కేంద్రాల అంకెలను సంవత్సరాల వారీగా అందరికీ అందుబాటులో పెడితే ఆ వాదనకు తెర పడుతుంది. పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. బయటి జన్యువు మిగలని ఇలాంటి సవరణలను 2022 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. అంటే దారి తెరిచే ఉంది.

సైటోకైనిన్ జన్యువుతో చేసిన పనిని స్టెరాయిడ్ జన్యువుతో చేయడానికి కావలసినవన్నీ ఔటర్ రింగ్ రోడ్డుకు ఇటూ అటూ ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ బృందాలు 2011లో కంది, 2013లో శనగ జన్యుపటాలను ప్రపంచానికి అందించాయి. వాటిలో డ్వార్ఫ్4, డెట్2 బంధువులను ఎవరైనా వెతికి చూడొచ్చు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో జీవశాస్త్ర గణనకు ప్రత్యేక కేంద్రం ఉంది. జన్యు డేటా చదవగల నైపుణ్యం ఈ కారిడార్‌లో కొరత కాదు. వేరుశనగ, పత్తి లాంటి పంటల్లో రెండు జన్యుపటాలు కలిసి ఉంటాయి కాబట్టి ప్రతి జన్యువుకూ ప్రతులు ఎక్కువ. ఏ ప్రతి ఎక్కడ పనిచేస్తోందో తేల్చడం అక్కడ మరీ ముఖ్యం. ఆ పనిలో సగం పొలంలో, సగం కంప్యూటర్ ముందు జరగాలి.

నా దృష్టిలో మొదట చేయవలసిన ప్రయోగం సాంబ మసూరి మీదే. డీ11ను ముట్టుకోకుండా ఓఎస్-డ్వార్ఫ్4ను మాత్రమే సవరించాలి. పూర్తిగా చంపినదాన్నీ, సగం పనిచేసేదాన్నీ రెండింటినీ తయారుచేయాలి. రాజేంద్రనగర్‌లో ఒక వానాకాలం, ఒక యాసంగి మామూలు దూరంలోనూ దగ్గర దగ్గరగానూ నాటాలి. ఆకు వాలు, కంకికి గింజలు, తాలు శాతం, వెయ్యి గింజల బరువు, గాలికి చేను పడిపోయిన తీరు, గడ్డి దిగుబడి, వండిన అన్నం నాణ్యత కొలవాలి. పశువులున్న రైతుకు గడ్డి కూడా పంటే కాబట్టి దాన్ని వదలకూడదు. పక్క మడిలో మామూలు సాంబ మసూరికి ఉస్మానియా వాడిన మోతాదులో హార్మోన్ పిచికారీ చేసి, రెండు మడుల ఆకుల్లోనూ గింజల్లోనూ డ్వార్ఫ్4, సీపీడీ చురుకుదనాన్ని ఒకే రోజుల్లో కొలవాలి. ఇంకో మడిలో కంకి దశలో ప్రొపికొనజోల్ కొట్టి అవే కొలతలు తీసుకోవాలి. ఈ మూడు మడుల అంకెలు ఒకే పట్టికలో చేరినప్పుడు, 0.04 శాతం డబ్బా ఏ చేనుకు అవసరమో, ఏ చేనుకు అక్కర్లేదో రైతుకు చెప్పగలుగుతాం.